పట్టుకూ విడుపుకూ మధ్య ఒక ఫోటో

మా ఫోటోల్లో చంద్రుడు ఉండేవాడు కాదు.

మేం ఉండేవాళ్ళం. చేతుల్లో పళ్ళేలు, పళ్ళేల్లో ఉప్మా, ఫ్లాష్ దెబ్బకి సున్నం కొట్టినట్టు తెల్లబడ్డ ముఖాలు, కుందేళ్ళ కళ్ళలా ఎర్రబడ్డ కళ్ళు. మా వెనక కాటుకలాంటి చీకటి. ఆ చీకట్లో ఎక్కడో గ్రహణం పట్టిన చంద్రుడు ఉన్నాడని మాకు తెలుసు. కెమెరాకి తెలిసేది కాదు.

గ్రహణం ఎప్పుడు వచ్చినా మా హేతువాద సంఘం వాళ్ళం ఒకచోట చేరి, నలుగురూ చూస్తుండగా వండుకుని తినేవాళ్ళం. దానికి మేం పెట్టుకున్న పేరు గ్రహణ భోజనం. మాకు నియమాలేవీ ఉండవని లోకం అనుకుంటుంది గానీ, ఈ భోజనానికి గట్టి నియమమే ఒకటి ఉండేది. గ్రహణం పట్టిన తర్వాతే పొయ్యి వెలిగించాలి. విడవకముందే తినడం అయిపోవాలి. ముందే వండి డబ్బాల్లో తెచ్చుకున్నది లెక్కలోకి రాదు. వీధి వీధంతా అన్నం గిన్నెల మీద దర్భలు పరుచుకుని, కడుపుతో ఉన్న ఆడపిల్లని చీకటి గదిలో మంచానికి అతికించి, గుడి తలుపులు మూసి దేవుణ్ణి కూడా లోపలే కూర్చోబెట్టిన సమయంలో మేం కిరోసిన్ స్టవ్ మీద రవ్వ వేయించేవాళ్ళం. భూమి నీడ వెళ్ళి చంద్రుడి మీద పడితే మీ వంటింటి జాడీలో ఆవకాయ ఎందుకు పాడవుతుందో ఎవరైనా వచ్చి చెప్పండి, ఇప్పుడే స్టవ్ ఆర్పేస్తాం అని కేకేసి మరీ అడిగేవాళ్ళం. ఎవరూ వచ్చి చెప్పలేదు. మా స్టవ్ ఎన్నడూ ఆరలేదు.

కేకేసేది నేను. ఉప్మా కలిపేది నా మిత్రుడు. ఆయనది సిద్దిపేట వైపు పల్లె. బ్యాంకులో పనిచేశాడు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే నన్ను ఒక సభలో ఎదురు ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసి, సభ అయ్యాక టీ తాగుదాం రమ్మని పిలిచాడు. ఆ టీతో మొదలైన స్నేహం. ఉప్మాలో ఉప్పు మాత్రం ఇంకెవర్నీ వెయ్యనిచ్చేవాడు కాదు. "ఉపన్యాసం నువ్వియ్యి, ఉప్పు నేనేస్త. రెండు నీకే ఇస్తే జనం పారిపోతరు" అనేవాడు.

మొదట్లో అమీర్‌పేట చౌరస్తాలో రోడ్డు పక్కనే చేసేవాళ్ళం. తర్వాత అక్కడ కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆకాశాన్ని కప్పేశాయి. అన్ని జిల్లాల పిల్లలూ సంచులు భుజాన వేసుకుని దిగడం, కరపత్రాలు పంచేవాళ్ళు వాళ్ళ మీద పడడం, ప్రతి పాత ఇల్లూ హాస్టలైపోవడం నా కళ్ళ ముందే జరిగింది. నేను సంతోషించాను. ఇంతమంది పిల్లలు యంత్రాల లోపలి తర్కాన్ని నేర్చుకుంటే మా సంఘం చెయ్యాల్సిన పని సగం వాళ్ళే చేసేస్తారని మా మాసపత్రికలో రాశాను కూడా. ఆ వ్యాసం అచ్చయిన నెలలోనే మా కింది వీధిలో కొత్త కోచింగ్ సెంటర్ తెరిచారు. వరసగా పెట్టిన కంప్యూటర్లన్నిటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, రాహుకాలం దాటేదాకా పిల్లల్ని ఎండలో నిలబెట్టి, ఆ తర్వాత జావా క్లాసు మొదలెట్టారు. మీట నొక్కితే ఏమవుతుందో తెలిసినవాడికి, బొట్టు పెడితే ఏమీ కాదని ఎందుకు తెలియదు? ఈ ప్రశ్న నేను చాలాచోట్ల అడిగాను. నవ్వి ఊరుకునేవాళ్ళు. పూర్వం కొట్టడానికి వచ్చేవాళ్ళు. నవ్వడం కంటే అదే నయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

చౌరస్తా పోయాక గ్రహణ భోజనాన్ని మా అపార్ట్‌మెంట్ మేడ మీదికి మార్చాం. అప్పటికి నా భార్య పోయింది. మాకు పిల్లల్లేరు. మేడ మీద నలుగురూ చేరిన సాయంత్రాల్లో ఇల్లు మళ్ళీ ఇల్లులా అనిపించేది.

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారిది భీమవరం దగ్గర. ప్రభుత్వంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నీళ్ళ మోటారు, లిఫ్టు, పంచాంగం, మూడూ ఆయన చేతిలోనే. గ్రహణానికి ముందు రోజు లిఫ్టు పక్కన నోటీసు అంటించేవారు. పట్టు ఎప్పుడు, విడుపు ఎప్పుడు, విడుపు స్నానాల కోసం మోటారు ఎప్పుడు వేస్తారు అన్న వివరాలతో. దాని కిందే నేను మా గ్రహణ భోజనం ఆహ్వానం అంటించేవాణ్ణి. ఆయన ఎప్పుడూ చింపలేదు. ఒకసారి గాలికి నా కాగితం ఊడిపోతుంటే ఆయనే జిగురు రాసి మళ్ళీ అతికించారని వాచ్‌మన్ చెప్పాడు.

ఒకరోజు లిఫ్టు తలుపు మూసుకోకుండా కాలు అడ్డుపెట్టి నన్ను ఆపారు. చేతిలో మా పత్రిక ఉంది. అంతకుముందు జరిగిన భోజనం ఫోటో అందులో అచ్చయింది.

"మాష్టారూ, ఒక సంగతి అడుగుతాను. కోప్పడకూడదు."

"అడగండి."

"ఇందులో చంద్రుడేడండీ?"

"మా వెనకాల ఉన్నాడు."

"వెనకాల చీకటి ఉందండి. చీకటి రోజూ ఉంటుంది. మీరు మామూలు మంగళవారం నాడు మేడెక్కి ఉప్మా తిని, గ్రహణం నాడు తిన్నామని వేసుకున్నా అచ్చం ఇదే ఫోటో వస్తుంది. అవునా, కాదా?"

నేను పత్రిక అందుకుని ఫోటో మరోసారి చూశాను.

"దేవుడికి రుజువేదని మీరు నలభై ఏళ్ళుగా అడుగుతున్నారు. గ్రహణానికి రుజువేదని నేనడుగుతున్నాను. తప్పైతే చెప్పండి, కాలు తీసేస్తాను."

లిఫ్టు గంట కొట్టుకుంటూనే ఉంది. పైన ఎవరో తలుపు బాదుతున్నారు. ఆయన కాలు తియ్యలేదు.

వాదనలో నేను మొదట నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఎదుటివాడి ప్రశ్న సరైనదైతే ముందు ఆ మాట ఒప్పుకో, తర్వాతే జవాబు వెతుక్కో. నేను ఒప్పుకున్నాను. వచ్చే గ్రహణానికి చంద్రుడూ మేమూ ఒకే ఫోటోలో ఉంటామని అక్కడే లిఫ్టు ముందు మాటిచ్చాను. ఆయన కాలు తీశారు.

మాటివ్వడం తేలిక. నా దగ్గరున్నది అరచేతిలో ఇమిడే చిన్న డిజిటల్ కెమెరా. ఫ్లాష్ వేస్తే దగ్గరున్న ముఖాలు తప్ప మిగతా ప్రపంచం మాయం. ఫ్లాష్ ఆపితే ఫోటో అంతా ఇసుక చల్లినట్టు చుక్కలు, ఆ చుక్కల వెనక మసక మనుషులు. ఏది మనిషి చెయ్యో ఏది గరిటో తెలిసేది కాదు. చీకట్లో ఉన్న కొద్ది వెలుగునీ పట్టుకోగల పెద్ద కెమెరా కావాలి.

పంజాగుట్టకి మిత్రుణ్ణి కూడా రమ్మన్నాను. ఆయన అప్పటికి కొడుకు కొన్న ఫ్లాట్‌లో, పంజాగుట్టలోనే ఉంటున్నాడు. ఫ్లైఓవర్ కింద కలుసుకుని కెమెరాల షాపుకి నడిచాం.

"భాయ్, చీకట్ల ఫోటో దియ్యాలె. ఫ్లాష్ వద్దు. గసుంటి కెమెరా సూపియ్" అన్నాడు మిత్రుడు.

"ఏం ఫంక్షన్ సార్? పెండ్లా?"

"గ్రహణం."

షాపతను మా ఇద్దరి నెత్తిమీది తెల్లజుట్టునీ మార్చి మార్చి చూశాడు. "గ్రహణం దినం మేం షాపే బంద్ వెడ్తం సార్. మీరు ఫోటోలు దిగుతరా?"

"దిగుతం. తింటం సుత."

కెమెరా బరువుగా, నల్లగా, చేతికి నిండుగా ఉంది. లోపల వెలుగు పడే పలక పాతదానికంటే చాలా పెద్దదట, అందుకే చీకట్లో కూడా చుక్కలు రావట. దానికి కన్ను పెద్దగా ఉన్న లెన్స్ ఒకటి తగిలించి ఇచ్చాడు. పరీక్షించి చూడందే నేను దేన్నీ ఒప్పుకోను. షాపు వెనక మెట్ల కింద, అట్టపెట్టెలు పేర్చిన చీకటి మూలలో మిత్రుణ్ణి నిలబెట్టి నొక్కాను. వెనక ఉన్న తెర మీద చూస్తే పెట్టెల మీది అక్షరాలు, గోడ మీది చెమ్మ, మిత్రుడి కళ్ళ కింది ముడతలు, అన్నీ ఉన్నాయి.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"అరే, నేను గింత ముసలోణ్ణి ఎప్పుడయ్యిన? పాతదే మంచిగుండె. అన్నీ దాచిపెట్టేది."

"దాచిపెట్టేది మనకెందుకు?"

"నీకు వద్దు. నాకు జర అవసరమే" అని నవ్వాడు.

రోడ్డుకవతల ఇరానీ హోటల్లో కూర్చున్నాం. కెమెరా డబ్బా మా ఇద్దరి మధ్య మూడో మనిషిలా కుర్చీలో ఉంది. ఆయన కోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నెలలు నిండుతున్నాయని చెప్పాడు. నేను కంగ్రాట్స్ అన్నాను. ఆయన సాసర్‌లో టీ పోసుకుని ఊదుతూ, "పట్టు కంటె ముందే వస్త. ఉప్పు పొట్లం నేనే తెస్త. నువ్వు చంద్రుణ్ణి సూసుకో" అన్నాడు. ఫ్లైఓవర్ మీద బండ్ల లైట్లు వెలగడం మొదలయింది. మళ్ళీ పాత రోజుల్లా ఉంది నాకు.

గ్రహణానికి ఇంకా నెలకు పైగా ఉంది. ఆ రోజులన్నీ కెమెరాతోనే గడిపాను. సంజవేళ లైటు వెయ్యకుండా హాల్లో కూర్చుని, కనిపించినదాన్నల్లా తీసేవాణ్ణి. నా కంటికి నల్లగా కనిపించే మూల ఫోటోలో గోధుమరంగుగా వచ్చేది. అక్కడ మేకుకి నా భార్య గొడుగు వేలాడుతోందని ఫోటోలోనే చూశాను. ఇన్నేళ్ళూ అక్కడే ఉంది. ఆ మూలకి లైటు సరిగా పడదు, నేనెప్పుడూ అటు చూడలేదు. ఇంకో ఫోటోలో, వాడని కుర్చీల మీది దుమ్ము. ఒకదానిలో వంటింటి గుమ్మం, లోపల ఎవరూ లేని వంటిల్లు. చనిపోయినవాళ్ళు తిరిగి వస్తారని నమ్మేవాడికి చీకటి ఏదో ఒకటి మిగులుస్తుంది. ఎవరో ఉన్నారనుకోవచ్చు. నాకు ఆ సౌకర్యం మొదట్నించీ లేదు. ఉన్నదల్లా గొడుగు. అది గొడుగే. ఆ మాట నేను ఎవరితోనైనా వాదించి గెలవగలను. ఆ గదిలో వాదించడానికి ఎవరూ లేరు.

మేడ మీద కూడా సాధన చేసేవాణ్ణి. మార్గశిరంలో పున్నమి చంద్రుడు ఎటునుంచి లేస్తాడు, ఏ బోర్డు పైనుంచి వస్తాడు, కెమెరాని ఎంత కిందికి పెట్టి ఎంత పైకి ఎత్తితే నిలబడ్డ మనిషీ చంద్రుడూ ఒకే చట్రంలో పడతారు, ఇవన్నీ చూసుకునేవాణ్ణి. మూడో సాయంత్రమో నాలుగో సాయంత్రమో సెక్రటరీ గారు పైకి వచ్చారు.

"మాష్టారూ, ఎదురుగా ఉన్న లేడీస్ హాస్టల్ నుంచి కంప్లైంటు వచ్చింది."

అటు చూస్తే, బట్టలారేసిన తీగల వెనక ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు నడుం మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తున్నారు.

"నేను చంద్రుణ్ణి తీస్తున్నానండి!"

"అదే చెప్పాను. నమ్మలేదు. ఆయన దేవుణ్ణే నమ్మని మనిషి, ఆడపిల్లల జోలికి ఏం వస్తాడు అన్నాను. అప్పుడు ఇంకా అనుమానపడ్డారు."

ఆయన హాస్టల్ వైపు తిరిగి, "అమ్మాయ్! సారు నాకు తెలుసు! మూన్ ఫోటో! మూన్!" అని అరుస్తూ ఆకాశం వైపు చెయ్యి ఊపారు. ఒక అమ్మాయి, "మూన్ ఇటు సైడ్ లేదంకుల్!" అని అరిచింది. నిజమే, అప్పటికి ఇంకా లేవలేదు. చంద్రుడు లేచేదాకా ఆయన నా పక్కనే నిలబడ్డారు, నా నిజాయితీకి సాక్షిలాగా.

భోజనానికి సంఘంవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఒకాయన గచ్చిబౌలి మారిపోయాడు, ఆ ట్రాఫిక్‌లో రావడం తన వల్ల కాదన్నాడు. ఒకావిడ మోకాళ్ళ నొప్పి, మేడ మెట్లెక్కలేనంది. ఒకప్పుడు నడిరోడ్డు మీద నాకంటే గట్టిగా కేకలేసిన మనిషి, "నెట్‌లో పెట్టండి సార్, తప్పకుండా చూస్తాను" అన్నాడు. అందరూ నాతో ఏకీభవించారు. ఒక్కరూ కాదనలేదు. మూఢనమ్మకాలు పోవాలి, మీలాంటివాళ్ళు ఉండాలి అన్నారు. ఏకీభావం ఇంత చల్లగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది. ఏమైనా మిత్రుడు వస్తాడు. ఇద్దరం చాలు. ఇద్దరూ, ఉప్మా, చంద్రుడు. రుజువుకి అంతకంటే అక్కర్లేదు.

గ్రహణం రోజు శనివారం. సాయంత్రానికే వీధి పలచబడింది. బల్కంపేట వైపు గుడి మూసేశారని కింద ఎవరో చెప్పుకుంటున్నారు. ఎప్పుడూ ఖాళీ ఉండని టిఫిన్ బండి దగ్గర ఎవరూ లేరు. కోచింగ్ పిల్లలు నెట్‌లో పట్టు సమయం చూసుకుని, ఊళ్ళో ఉన్న అమ్మకి ఫోన్ చేసి చెప్పి, హాస్టల్లో ముందే తినేశారట. నేను స్టవ్, గిన్నె, రవ్వ, తరిగిన ఉల్లిపాయలు, మిరపకాయలు, కెమెరా స్టాండు, రెండు పళ్ళేలు మేడ మీదికి చేర్చాను. అలవాటు కొద్దీ హాల్లోని కుర్చీలన్నీ కూడా మోశాను.

చంద్రుడు బోర్డుల పైకి వచ్చేసరికి నిండుగా, గుండ్రంగా ఉన్నాడు. కాసేపటికి ఎడమ అంచు కాస్త నలిగినట్టయింది. పట్టు మొదలయింది. మిత్రుడు ఇంకా రాలేదు. నియమం ప్రకారం నేనే స్టవ్ వెలిగించాను. రవ్వ వేగుతుండగా ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావు?" అన్నాను.

"ఇంట్లనే ఉన్న." గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. "కోడలు లోపట పండుకున్నది. మా ఆమె తలుపుకాడ కూసున్నది. నేను చెప్పులేస్కుంటుంటే కొడుకు ఒచ్చి, 'బాపూ, ఈ ఒక్కసారి వద్దు' అన్నడు."

"చదువుకున్న పిల్ల కదయ్యా ఆ అమ్మాయి! కంప్యూటర్ల మీద పనిచేసే పిల్ల!"

"శనివారం డ్యూటీ పడ్డా, లీవ్ వెట్టి మరీ పండుకున్నది."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పిన. వారం సంది చెప్తనే ఉన్న. ఇను, నేను మారలే. ఇల్లు మారింది. కొట్లాడితే గెలుస్త. నాకెర్కే. కాని రేపు గా పిల్లకు ఏమన్న అటిటైతే, దోషం నీ భూమి నీడ మీద ఎవ్వరు వెయ్యరు. నా మీద వేస్తరు. నేను ఉప్మా తిన్నందుకే అంటరు. బతికినన్ని దినాలు అంటరు."

"ఆ భయం మీదే కదా మనం ఇన్నాళ్ళూ కొట్లాడింది?"

"అవును, గదే భయం" అన్నాడు. "గిప్పుడు మా ఇంట్లకొచ్చి కూసున్నది."

జవాబు నా దగ్గర ఉంది. ఎన్నోసార్లు రాసిన జవాబే, వేదికల మీద చప్పట్లు కొట్టించుకున్న జవాబే. రవ్వ మాడుతున్న వాసన వచ్చింది. ఫోన్ పెట్టేసి గిన్నె స్టవ్ మీంచి దించాను.

అప్పుడు మెట్ల మీద తడి చెప్పుల చప్పుడు. సెక్రటరీ గారు. పట్టుస్నానం చేసి వచ్చినట్టున్నారు. తడి పంచె, భుజాల మీద తువ్వాలు, తలకి మఫ్లరు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"మీరేంటండీ ఇక్కడ? జపం చేసుకోవద్దా?" అన్నాను.

"చేసుకోవాలి. కానీ రుజువు అడిగినవాణ్ణి నేను కదండీ. మీరు ఫోటో తీసే టైముకి నేను లేకపోతే రేపు మీరేం చూపించినా నమ్మబుద్ధి కాదు." చుట్టూ చూశారు. "మీ బ్యాంకు గారు రాలేదా?"

"రాలేదు."

ఆయన పొయ్యికి దూరంగా, పొగ తగలకుండా నిలబడి, నేను చేసే ప్రతి పనినీ పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా చూశారు. చంద్రుడు సన్నబడుతూ సన్నబడుతూ పూర్తిగా నీడలోకి వెళ్ళి, నల్లగా కాకుండా రాగి రంగుకి తిరిగాడు. నేను ఉప్మా పళ్ళెంలోకి తీసుకున్నాను. కెమెరాని స్టాండుకి బిగించి, నేల దగ్గరికి దించి, పైకి ఎత్తి, టైమర్ పెట్టి వెళ్ళి నిలబడ్డాను. అప్పుడు చూశాను, ఆయన సరిగ్గా మిత్రుడు ఎప్పుడూ నిలబడే చోట ఉన్నారు.

"కదలకండి!"

"నేనెందుకండీ కదలకూడదు? నేను ఫోటోలో లేనుగా?"

"ఉన్నారు."

"జరగమంటారా?"

చట్రంలోంచి ఆయన్ని తప్పిస్తే రుజువు శుభ్రంగా ఉండేది. పట్టులో తింటున్న మనిషి, పైన చంద్రుడు. నా నోట్లోంచి "వద్దు" అని వచ్చింది.

"సరే గానీ, నేను తిన్నట్టు మాత్రం రాయకండి" అని ఆయన తువ్వాలు సవరించుకుని బిగుసుకుపోయారు. కెమెరా తెరుచుకుని, నింపాదిగా మూసుకుంది.

ఇద్దరం వంగి తెరలోకి చూశాం. పైన మైసూరుపప్పు గింజంత ఎర్రటి చంద్రుడు. కింద పళ్ళెంతో నేను, చేతులు కట్టుకుని ఆయన. ఉప్మా మీది ఉల్లిపాయ ముక్కలు కూడా కనిపిస్తున్నాయి.

"ఒప్పుకుంటున్నానండి. చంద్రుడున్నాడు" అన్నారు సెక్రటరీ గారు. ఓడిపోయినట్టు లేదు ఆ గొంతు. తర్వాత వేలు తెర మీద కిందికి జరిపారు. "మరి జనం ఏరండీ?"

మా వెనక మేడంతా కనిపిస్తోంది. నీళ్ళ ట్యాంకు, డిష్ యాంటెనాలు, ఎవరో మర్చిపోయిన చీర, నేను మోసుకొచ్చిన కుర్చీలు, పిట్టగోడ దాకా ఖాళీ.

"పాత ఫోటోల్లో మీ వెనకాల చాలామంది ఉన్నారనుకునేవాణ్ణి నేను" అన్నారాయన.

"వెనకాల ఎప్పుడూ ఎవరూ లేరండి. ముందున్నవాళ్ళమే. చాలామంది వచ్చారని నేనెప్పుడూ రాయలేదు."

"రాయలేదు. నిజమే. కానీ అలా ఉండేది."

అలాగే ఉండేది. ఎంతమందిమి వచ్చామో అచ్చంగా అంతే రాసేవాణ్ణి. అయినా మా వెనక ఆ చీకటి ఉండేది. చూసినవాళ్ళు దాన్ని జనంతో నింపుకునేవాళ్ళు. చూసినవాళ్ళేమిటి, నేనూ నింపుకున్నాను. ఫ్లాష్ అందని చోట మనవాళ్ళు ఇంకా ఉన్నారని, తర్వాతి గ్రహణానికి ముందు వరసలోకి వస్తారని ఎన్నేళ్ళు అనుకున్నానో. లేనిదాన్ని చీకట్లో చూడడం ఇతరుల జబ్బు అని రాసినవాణ్ణి నేను. నా చీకటి పోవడానికి కెమెరా మార్చాల్సి వచ్చింది.

కుర్చీలో కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"ఉప్పు వెయ్యలేదు మీరు" అన్నారు సెక్రటరీ గారు.

"ఏంటి?"

"నేను చూస్తూనే ఉన్నాను. నీళ్ళు పోశారు, రవ్వ కలిపారు, దించేశారు. ఉప్పు వెయ్యలేదు."

"మరి చెప్పలేదేం?"

"గ్రహణంలో వంట చెయ్యడమే తప్పు. అందులో రుచికి నేను సాయం చెయ్యనా?" అన్నారు. నాకు నవ్వు వచ్చింది. ఆయనకీ వచ్చింది. వెళ్తారనుకున్నాను. చలికి వణుకుతూనే ఒక కుర్చీ పొయ్యికి ఎడంగా జరుపుకుని కూర్చున్నారు. "మీరు కానివ్వండి. ఎలాగూ విడుపు కాగానే మోటారు వెయ్యాలి. అందాకా ఇక్కడే ఉంటాను."

నేను ఆ చప్పిడి ఉప్మా పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. ఆయన కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ జపం చేసుకున్నారు. ఒకర్నొకరం ఖండించుకోలేదు. విడుపు అయ్యాక ఆయన మోటారు వెయ్యడానికి దిగిపోయారు. కాసేపటికి అన్ని అంతస్తుల్లోనూ బకెట్ల చప్పుడు మొదలయింది. నేను కుర్చీలు ఒక్కొక్కటే దింపుకున్నాను.

ఫోటోని పత్రికలో పూర్తిగా వేశాను. ఖాళీ కుర్చీల్ని కత్తిరిస్తే బాగుంటుందని ప్రెస్సువాళ్ళు అన్నారు. వద్దన్నాను. కింద రాసింది ఇంతే: సంపూర్ణ చంద్రగ్రహణ సమయంలో అమీర్‌పేటలో గ్రహణ భోజనం. భుజించినవారు ఒకరు. చూసినవారు ఒకరు.

పత్రిక అందిన రోజు మిత్రుడు ఫోన్ చేశాడు. మనవరాలు పుట్టిందని అంతకుముందే కబురు తెలిసింది. పిల్ల బాగుందా అని అడిగాను. మస్తుగుంది, రాత్రంతా లొల్లి అన్నాడు. ఆ తర్వాత ఫోటో సంగతికి వచ్చాడు.

"నా జాగల నిలవడ్డది మీ సెక్రటరీయేనా?"

"అవును."

"తిన్నడా?"

"తినలేదు."

"మరి ఆయన్నెందుకు వెట్టినవ్ మన ఫోటోల?"

"వచ్చాడు కాబట్టి."

అవతల పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఎవరో ఎత్తుకున్నట్టున్నారు, ఆగిపోయింది.

"ఉప్మా ఎట్లయింది?" అన్నాడు చివరికి.

"ఉప్పు మర్చిపోయాను" అన్నాను.